విదియ దాకా ఉంచొచ్చండి

నాకు నోరూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక పీహెచ్‌డీలో చేరి, గైడుగారితో మాటా మాటా అనుకుని ఏడాది తిరక్కుండానే బయటికొచ్చేశాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే తల్లీ" అని మా నాన్న నెత్తి కొట్టుకున్నాడు. నాకు మాత్రం గైడుగారిదే తప్పు. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

తొంభైల చివర్లో ఉప్పాడ వైపు ఒక రొయ్యల హేచరీలో పని దొరికింది. తల్లి రొయ్య రాత్రి పెట్టిన గుడ్లలో ఎన్ని బతుకుతాయో పొద్దున్నే మైక్రోస్కోపులో చూసి చెప్పాలి. ఆ పని నాకు బాగా పట్టుబడింది. గుడ్డు రెండవడం, నాలుగవడం, కాస్తాగి ఎనిమిదవడం కళ్ళముందే జరిగిపోయేది. తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ జబ్బొచ్చింది. ఒక సీజన్‌లో చెరువులన్నీ పోయాయి, హేచరీ మూసేశారు. రాజమండ్రిలో ఒక డాక్టరమ్మగారు పిల్లల్లేని వాళ్ళకోసం ఆసుపత్రి పెడుతున్నారని తెలిసి, మా హేచరీ ఓనరే నన్ను తీసుకెళ్ళాడు. "రొయ్య గుడ్డయినా మనిషి గుడ్డయినా చూసే కన్ను ఒకటే కదండీ" అన్నాడు. డాక్టరుగారు నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడా మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. కిటికీ లేదు. చెప్పులు, పౌడరు, సెంటు, అగరొత్తి పొగ, ఏవీ లోపలికి రాకూడదు. తల్లో మల్లెపూలు పెట్టుకొచ్చిన ఆయాని గుమ్మంలోనే ఆపి అరిచేదాన్ని. "ఈ పిల్లని పెళ్ళెవరు చేసుకుంటారండీ బాబూ" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు. అనుకోనీ. ఆ గదిలో నా మాటకి తిరుగులేదు, అదొక్కటే నాకు కావలసింది. అండాన్నీ వీర్యాన్నీ కలిపి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, మూడో రోజు ఎనిమిది కణాల పిండమయ్యాక డాక్టరుగారి చేతికి అందించేదాన్ని. ఆవిడ దాన్ని తల్లి గర్భంలో పెట్టేవారు. మూడో రోజు అన్నది మా దగ్గర కట్టుబాటు.

మా అక్కని పెనుగొండ దగ్గరి ఊళ్ళో వ్యవసాయదారుల ఇంటికిచ్చారు. పెళ్ళయి పదేళ్ళు దాటినా కడుపు పండలేదు. బావ మంచివాడు, అన్నిటికీ "సరేలే" అనే మనిషి. అత్తగారు అంతకన్నా మంచిది. ఇది మర్యాదకి చెప్పడం లేదు. ఊళ్ళో ఎవరైనా అక్కని గొడ్రాలన్నట్టు వినిపిస్తే చాలు, వాళ్ళింటి గుమ్మం ముందుకెళ్ళి దులిపేసి వచ్చేది. వారం వారం పెనుగొండ వెళ్ళి అమ్మవారికి పసుపూ కుంకుమా ఇచ్చొచ్చేది. అక్క కూడా తక్కువది కాదు. సీమంతానికి పిలవకపోతే ఎందుకు పిలవలేదని వెళ్ళి అడిగే రకం. "లోపం నాదని ఎవడు తేల్చాడే? తేల్చినప్పుడు చూద్దాం" అనేది నాతో.

మా ఆసుపత్రిలోనే మూడుసార్లు చేశాం. మూడుసార్లూ నిలవలేదు. మూడోసారి తర్వాత డాక్టరుగారు అక్కనీ బావనీ కూర్చోబెట్టి, అక్క అండాశయాల్లో ఇంక ఎక్కువ మిగల్లేదనీ, ఇంకొక్కసారి అండాలు తీయగలిగితే గొప్పేననీ, అదే ఆఖరనీ చెప్పారు. అక్క నా వైపు చూసింది. "ఈసారి నువ్వు గట్టిగా చూసుకోవే" అంది. అంతకుముందు నేనేదో మెత్తగా చూసుకున్నట్టు. కోపమొచ్చింది.

ఆ నాలుగోసారికి ముందు డాక్టరుగారు నన్ను రెండు వారాలు హైదరాబాదు పంపారు, మూలకణాల మీద పనిచేసే ఒక ల్యాబులో శిక్షణకి. రెండు వేల ఐదు దాటిన రోజులవి. అక్కడ ఐదో రోజు పిండాన్ని మొదటిసారి చూశాను. లోపల నీరు పట్టి, చుట్టూ ఒక పొర, ఒక పక్కన చిన్న ముద్ద. ఆ పొర తర్వాత మావి అవుతుంది, ఆ ముద్దే బిడ్డ. ఆ ముద్దలోని కణాల్ని తీసి డిష్‌లో పెంచితే అవే మూలకణాలు, వాటికి ఏ అవయవమైనా కాగల శక్తి ఉంటుంది. అక్కడి పెద్ద సైంటిస్టుగారు ఆ కణాల్ని పోషకద్రవంలో తేలనిచ్చి మళ్ళీ ఉండలు కట్టించేవారు. ఆ ఉండలు పిండంలాగే పొరలు పొరలుగా విడిపోవడం మొదలుపెట్టేవి. ఒక ఉండలో ఒక మూల గుండెలా కొట్టుకోవడం నేను చూశాను. నిలబడి చూస్తూనే ఉండిపోయాను.

"తల్లి కడుపులో మొదటి రోజుల్లో ఏం జరుగుతుందో మనం చూడలేం కదమ్మా. అందుకని ఈ ఉండల్ని అడుగుతున్నాం" అన్నారాయన. ఇంకో మాట కూడా చెప్పారు. పిండం మొదటి రెండు మూడు రోజులూ అమ్మ అండంలో పెట్టిచ్చిన సద్దిమూట తిని బతుకుతుందనీ, ఆ మూట అయిపోయాక తన పొయ్యి తనే వెలిగించుకోవాలనీ, చాలా పిండాలు సరిగ్గా అక్కడే ఆగిపోతాయనీ. ఎందుకో ఎవరికీ తెలియదన్నారు. నేను బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాను. రాజమండ్రి వచ్చాక మా ల్యాబులో, తల్లిదండ్రులు వద్దని సంతకం చేసిన పిండాల్ని ఐదో రోజు దాకా పెంచి చూశాను. నాలుగుసార్లు పెడితే ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కసారి మాత్రం అందరినీ పిలిచి చూపించాను.

అక్కకి నాలుగోసారి అయిదు అండాలొచ్చాయి. నాలుగు ఫలదీకరణ చెందాయి. మూడో రోజు పొద్దున చూస్తే ఒకటేమో రెండు కణాల దగ్గరే ఆగిపోయింది, మిగతా మూడూ ఎనిమిదేసి కణాలు, ముత్యాల్లా ఉన్నాయి. అక్క వాటిని పిల్లలనే అనేది. "పిల్లలెలా ఉన్నారే?" అని పొద్దున్నే అడిగింది. "నీలాగే, మొండిగా ఉన్నారు" అన్నాను. అంత సంతోషంగా అక్క నవ్వడం అదే ఆఖరు.

ఆ రోజు అమావాస్య.

అత్తగారు కేరియరు, పంచాంగం రెండూ పట్టుకుని బావతో డాక్టరుగారి గదిలోకి వచ్చింది. ముందు మూడుసార్లూ ఏ తిథుల్లో పెట్టామో కాగితం మీద రాయించుకుని సిద్ధాంతిగారికి చూపించిందట. మూడూ చెడ్డ తిథులేనన్నాడట ఆయన.

"డాక్టరమ్మగారూ, మీ చదువుకి నేను అడ్డం చెప్పే మనిషిని కాదండి. ఇవాళ అమావాస్య, రేపు పాడ్యమి. ఎల్లుండి విదియ, పదిన్నరకి దివ్యమైన ముహూర్తం ఉందండి. పురుడే ముహూర్తం చూసి కోస్తున్నారు కదండి ఇప్పుడు? ఇంత కష్టపడి కడుపులో పెడతా, అమావాస్యనాడు పెట్టుకుంటామా చెప్పండి?"

మా వైపు ఇది కొత్తేం కాదు. ఆపరేషన్ పురుళ్ళన్నిటికీ ముహూర్తం కాగితాలు మా ఆసుపత్రికి వస్తూనే ఉండేవి. డాక్టరుగారు వాటికి అలవాటుపడ్డారు. ఆవిడ నన్ను పిలిపించి, వాళ్ళ ముందే అడిగారు. "ఎల్లుండంటే ఐదో రోజు. మన ల్యాబులో ఉంచగలమా?"

ఇక్కడ నేను ఆగాలి. నాలుగింట ఒకటే వచ్చింది మేడం, అని చెప్పాలి. ముహూర్తమూ లేదు, గిహూర్తమూ లేదు, ఇవాళే పెట్టేద్దాం అని అరవాలి. మల్లెపూలకి అరిచే దాన్ని, దీనికి అరవలేనా? కానీ నా బుర్రలో హైదరాబాదులో చూసిన ఐదో రోజు పిండం మెరుస్తోంది. ఐదో రోజు దాకా నడిచినవే గట్టివి, గట్టిదాన్ని ఏరి పెడితే అక్కకి కచ్చితంగా నిలుస్తుంది, అదీ నా చేత్తో, అనుకున్నాను. అత్తగారు నా మొహంలోకి దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది.

"విదియ దాకా ఉంచొచ్చండి" అన్నాను.

"వస్తాయంటావా?" అన్నారు డాక్టరుగారు మళ్ళీ.

"వస్తాయి మేడం."

"మా తల్లే! చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఎంత ధైర్యమో!" అని అత్తగారు నా బుగ్గలు పుణికింది. బావ "సరేలెండి" అన్నాడు. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు ఎన్నిసార్లు చదివానో. ఒక్కరికీ ఆ మాట గుర్తు రాలేదు.

పాడ్యమినాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీసి, డిష్‌ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒకటి దగ్గరకొచ్చి ముద్ద కడుతోంది. మిగతా రెండూ నిన్నెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎనిమిదంటే ఎనిమిదే. లోపల పెట్టేసి, గంటాగి మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. చూసే కొద్దీ వాటికి చలి తగులుతుందని తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు. నాలుగోసారి కూడా చూశాక హైదరాబాదు సైంటిస్టుగారికి ఫోన్ చేశాను.

"సార్, మా అక్కవి. రెండు కదలట్లేదు."

"ఎన్ని కణాల దగ్గర?"

"ఎనిమిది."

"తలుపు ఎన్నిసార్లు తీశావు?"

నాలుగుసార్లు తీశాను. "ఒక్కసారే సార్" అన్నాను.

"ఇంక తియ్యకు. చెయ్యగలిగిందేం లేదమ్మా."

"నిన్నే గర్భంలో పెట్టేసి ఉంటే నడిచేవా సార్?"

"తెలీదు. అక్కడా ఆగేవేమో. అక్కడైతే నడిచేవేమో. అది తెలియకే కదా నేనీ ఉండలతో తంటాలు పడుతున్నది. అవీ కొంత దూరం పిండంలాగే నడిచి, ఎక్కడో దారి తప్పుతాయి. నిజం పిండానికి గర్భం అనేదొకటి ఉంది. నా డిష్‌కి అది లేదు. అందుకని నీకు అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను."

నాకాయన మీద కోపమొచ్చింది. అంత చదువూ చదివి తెలీదంటాడేంటి, అనిపించింది. ఆయన మాత్రం మెల్లగా, "ఆగిన రెండింటినీ పారెయ్యకు. మీ అక్కగారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే మాకు పంపు. ఆగిన పిండంలో కూడా ఒకటీ అరా కణాలు బతికుంటాయేమో చూస్తున్నాం" అన్నారు. డాక్టరుగారికి చెబితే, "సంతకం ఉంటేనే పంపుదాం" అని, కావలసిన కాగితాలు తెప్పించారు.

విదియ పదిన్నరకి ముహూర్తం తప్పలేదు. మిగిలిన ఒక్కదానికి నీరు అప్పుడే పడుతోంది, ఐదో రోజుకి ఉండాల్సినంత లేదు. నేను సన్నటి గొట్టంలోకి దాన్ని తీసి అందించాను, డాక్టరుగారు పెట్టారు. బయట అత్తగారు కొబ్బరికాయ కొట్టబోతే ఆయా కేకలేసింది. ఆవిడ ఆసుపత్రి గేటు దాటి వెళ్ళి రోడ్డు మీద కొట్టొచ్చింది.

అక్కని గదిలో పడుకోబెట్టాక, నేను కాగితం పట్టుకుని వెళ్ళాను. రెండు ఆగిపోయాయని డాక్టరుగారు అప్పటికే చెప్పారు. అక్క పైకప్పు వంక చూస్తోంది.

"ఎప్పుడాగాయే?"

"నిన్న."

"అమావాస్యనాడు బానే ఉన్నాయన్నావు. ఆ రోజే పెట్టేసుంటే ఉండేవా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. తెలీదక్కా, ఎవరికీ తెలీదు, అనడానికి ఎంతసేపు? అంటే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. మరి ఉంచొచ్చని ఎందుకన్నావే, అంటుంది. నాకు చచ్చేంత భయమేసింది.

"లేదక్కా. అవి ఎక్కడున్నా ఆగేవే."

అక్క నా వైపు తిరిగింది. "అంటే నా గుడ్డులోనే ఉందన్నమాట లోపం."

నేను కాదనలేదు. కాదంటే నా అబద్ధం నిలవదు. తలొంచుకుని కాగితం చదివి వినిపించాను. వాటిని గర్భంలో పెట్టరనీ, పిల్లలుగా పెంచరనీ, పిండం మొదటి రోజుల్లో ఎలా నడుస్తుందో, ఎందుకాగుతుందో తెలుసుకోవడానికే వాడతారనీ చెప్పాను. అక్క, బావ ఇద్దరూ సంతకం చేశారు. "నాలో ఏం పాడైందో వాళ్ళకైనా తెలుస్తుంది" అంది అక్క. హేచరీలో రొయ్యపిల్లల్ని సంచుల్లో కట్టి పంపిన చేతుల్తోనే ఆ రెండింటినీ వెచ్చటి పెట్టెలో సర్దాను. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి సాయంత్రం రైలుకి తీసుకెళ్ళింది.

రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. రిపోర్టు నేనే తెచ్చాను. అత్తగారు వరండాలో కూలబడి ఏడ్చింది. "నేను చేసిన పూజలో ఏం తక్కువైందమ్మా" అని తల బాదుకుంటుంటే, అక్క ఆవిడ పక్కన కూర్చుని చేతులు పట్టుకుంది.

"మీదేం తక్కువ కాలేదత్తయ్యా. లోపం నాలోనే ఉందంట. చెల్లి చూసి చెప్పింది."

నేనక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. బావ నా వైపు చూశాడు. నేను రిపోర్టు మడతపెట్టుకున్నాను.

ఆ తర్వాత అక్క మారిపోయింది. సీమంతాలకి పిలిచినా వెళ్ళడం మానేసింది. పేరంటంలో ఎవరైనా మాట తూలితే, వెనక్కి తగిలేలా జవాబు చెప్పే మనిషి, "నిజమే కదండి" అని ఊరుకుంటోందట. పైగా ఇంకో పెళ్ళి చేసుకోమని బావని పోరుతోందట. ఆ సంగతి బావే ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వైనా చెప్పమ్మా, నా మాట వినట్లేదు" అన్నాడు. "సరే బావా" అన్నాను. ఏం చెప్పను? ఎవరైనా నన్ను పట్టుకుని నాలుగు తన్నుంటే బాగుండుననిపించేది. ల్యాబులో ఆయాల మీద ఇంకా ఎక్కువ అరిచేదాన్ని.

వేసవిలో హైదరాబాదు నుంచి సైంటిస్టుగారి ఫోనొచ్చింది. ఆయన గొంతులో ఉత్సాహం ఆగడం లేదు. అక్క పంపిన రెండింట్లో ఒకదాన్లోంచి కొన్ని కణాలు డిష్‌కి అంటుకుని పెరుగుతున్నాయట. నెలలుగా విభజన చెందుతూనే ఉన్నాయట. క్రోమోజోములు లెక్కపెట్టి చూశారట, ఏ తేడా లేదట. తేలనిస్తే చక్కగా ఉండ కట్టి, పొరలు విడుస్తున్నాయట.

"సార్, అంటే ఆ పిండంలో లోపం లేనట్టేనా?"

"పిండమంతా నడిచేదని నేను చెప్పలేనమ్మా. కానీ ఈ కణాల్లో మాకు కనిపించే లోపం ఏదీ లేదు. మీ అక్కగారికి నా నమస్కారాలు చెప్పు."

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను.

అక్క పెరటి అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఫోన్ సంగతి చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"బతికున్నాయా?"

"కణాలే అక్కా. పిల్ల కాదు, కాలేవు కూడా."

"అది సరేలే. బతికైతే ఉన్నాయి కదా? మరి లోపమో?"

"ఏమీ కనపళ్ళేదంట."

అక్క వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. లెక్క ఎక్కడికొచ్చి ఆగిందో నేను అడగలేదు. ఆ తర్వాత, "మరి ఎక్కడున్నా ఆగేవే అన్నావు?" అంది.

అప్పుడు అంతా చెప్పేశాను. నాలుగింట ఒక్కటే వచ్చిందని డాక్టరుగారి దగ్గర దాచడం, తలుపు నాలుగుసార్లు తియ్యడం, ఆ రోజు అడిగినప్పుడు నాకు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పడం. ఏడుస్తూ చెప్పాను. అక్క ఏడవలేదు.

లోపల్నుంచి అత్తగారు, "ఎవరొచ్చారే?" అని, నన్ను చూసి, "ఓసి నా తల్లే, ఇలా చిక్కిపోయావేంటే! ఉండు, మజ్జిగ తెస్తాను" అని వెళ్ళి గ్లాసు నిండా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేదాకా అక్క ఆగింది.

"ఆవిడకి ఒక్క ముక్క తెలియకూడదు. తన ముహూర్తం వల్లేనేమో అనుకుందంటే ఆ మనిషి బతకదు."

"చెప్పనక్కా."

"ఆవిడ తెలీక అడిగింది. నువ్వు తెలిసి ఒప్పుకున్నావు." అక్క మళ్ళీ కత్తిపీట దగ్గరికి జరిగింది. "మజ్జిగ తాగి వెళ్ళు. ఇంకెప్పుడూ రాకు."

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు చూస్తోంది. గ్లాసు ఖాళీ చేసి, "వెళ్ళొస్తానండి" అని ఆవిడకి చెప్పి, బస్సు కోసం రోడ్డు మీదకి వచ్చాను.